పాసు వేరు, బెర్తు వేరు

ముప్ఫైనాలుగేళ్ళు బెజవాడ స్టేషన్లో రిజర్వేషన్ కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి నేను. కిటికీకి ఆవల నించునేవాళ్ళు రెండు రకాలు. డబ్బు పట్టుకుని వచ్చేవాళ్ళు ఒక రకం, పాసు పట్టుకుని వచ్చేవాళ్ళు రెండో రకం. మొదటి రకం వాళ్ళకి "బెర్తు లేదండీ" అంటే మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయేవారు. రెండో రకం వాళ్ళు అలా ఊరుకునేవారు కాదు. "పాసుందిగా!" అనేవారు. "పాసుందండీ, బెర్తే లేదు" అనేవాణ్ణి. "పాసున్నాక బెర్తెందుకు లేదు?" అని వాళ్ళు, "పాసు వేరు, బెర్తు వేరు" అని నేను. ఈ సంవాదం నా సర్వీసులో ఎన్ని వేలసార్లు జరిగిందో లెక్కపెట్టుకుంటే రెండో పెన్షను ఇవ్వచ్చు నాకు.

ఇంతకాలం తరవాత కిటికీకి ఆ పక్కన నించునే యోగం నాకూ పట్టింది. అయితే ఈసారి కిటికీ రైల్వేది కాదు, విమానాలది.

మా అమ్మాయి చికాగోలో ఉంటుంది. తొలికానుపు. ఫిబ్రవరిలో పురుడు. తల్లి పక్కనుండాలని దానికీ ఉంది, ఆవిడకీ ఉంది. చిక్కల్లా మా ఆవిడ నడుముతో వచ్చింది. అంతకు ముందు ఏడాదే వెన్నెముకకి ఆపరేషనయింది. వెళ్ళచ్చా అని డాక్టరుగారిని అడిగితే, "వెళ్ళచ్చు, పడుకుని వెళ్ళగలిగితే. పద్ధెనిమిది గంటలు కూర్చుని మాత్రం వద్దు" అన్నాడు. విమానంలో పడుకుని వెళ్ళే సీటుని బిజినెస్ క్లాసు అంటారు. ఆ క్లాసుకి ఒక మనిషికి ఒకవైపు ధర నాలుగు లక్షల పైచిలుకు. నా పెన్షనుకి అది వినడానికే గాని కొనడానికి అయ్యే మాట కాదు.

అప్పుడు మా అల్లుడు ఫోన్లో, "మీరు దిగులుపడకండి మావయ్యగారూ, నా దగ్గర మైళ్ళున్నాయి" అన్నాడు.

మైళ్ళంటే నాకు మైలురాళ్ళే తెలుసు. మనం వాటిని వదిలేసి కిలోమీటర్లలోకి వచ్చి అరవై ఏళ్ళు దాటింది. ఈ కొత్తరకం మైళ్ళేవిటో కనుక్కుందామని మొదలుపెట్టి, వాటి పుట్టుపూర్వోత్తరాల్లోకి దిగబడ్డాను. పని లేని మంగలి సామెత నాకూ వర్తిస్తుంది గాని, ఇందులో పనీ ఉంది మరి.

ఈ వ్యవహారానికి తాత లాంటిది ఆకాశంలో పుట్టలేదు, కిరాణాకొట్లో పుట్టింది. అమెరికాలో 1896లో స్పెర్రీ, హచిన్సన్ అనే ఇద్దరు ఆకుపచ్చ బిళ్ళల వ్యాపారం పెట్టారు. కొట్టువాడు ఆ బిళ్ళల్ని వాళ్ళ దగ్గర కొనుక్కుని, సరుకు కొన్నవాళ్ళకి ఎంత కొంటే అన్ని చొప్పున పంచేవాడు. గృహిణులు వాటిని తపాలాబిళ్ళల్లా పుస్తకాల్లో అంటించి, పుస్తకాలు నిండేక కుక్కరో కుర్చీయో తెచ్చుకునేవారు. దాదాపు డెబ్భై ఎనభై ఏళ్ళు అమెరికా సంసారాల్లో ఈ బిళ్ళల పుస్తకం లేని వంటిల్లు అరుదు. మనకి టీపొడి పొట్లంతో చెంచా వచ్చినప్పుడు మా అమ్మ ఎంత సంతోషపడేదో నేనెరుగుదును గనక, ఆ ఆడవాళ్ళని చూసి నవ్వను.

విమానాలవాళ్ళకి ఇలాంటి బిళ్ళల అవసరం 1978 దాకా రాలేదు. ఎందుకంటే అప్పటిదాకా రాష్ట్రాలు దాటి ఎగిరే విమానాల టిక్కెట్టు ధర కంపెనీల చేతిలో లేదు. సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు అని వాషింగ్టన్లో ఒకటుండేది. ఏ కంపెనీ ఏ ఊళ్ళ మధ్య ఎగరాలో, ఎంత పుచ్చుకోవాలో ఆ బోర్డు చెప్పాలి. ధరలో పోటీ లేదు కాబట్టి కంపెనీలు భోజనంలోనూ మర్యాదల్లోనూ పోటీపడేవి. 1978 అక్టోబరు 24న ప్రెసిడెంటు కార్టరు ఒక చట్టం మీద సంతకం పెట్టి ఆ కట్టుబాట్లకి ముడి విప్పేశాడు. బోర్డు మెల్లిమెల్లిగా అధికారాలన్నీ వదులుకుని 1985 జనవరి 1తో చరిత్రలో కలిసిపోయింది. ఇక ఎవడి ధర వాడిది, ఎవడి దారి వాడిది. కొత్త కంపెనీలు సగం ధరకే ఎక్కించుకుంటాం రమ్మని పిలవడం మొదలెట్టాయి. పాత కంపెనీలకి గుండెల్లో రాయి పడింది. నిన్నటిదాకా మన విమానం ఎక్కినవాడు రేపు మనదే ఎక్కుతాడని నమ్మకమేముంది?

ఇక్కడ సీటు అనే సరుకు గురించి ఒక ముక్క చెప్పాలి. బియ్యం ఇవాళ అమ్ముడవకపోతే రేపు అమ్ముడవుతాయి. బండి కదిలాక ఖాళీ బెర్తు ఎవరికీ అమ్మలేం. విమానం సీటూ అంతే. తలుపు మూసేదాకా దాని ధర లక్షలు, తలుపు మూశాక గుండుసున్నా. ఎలాగూ ఖాళీగా పోయే సీటుని మళ్ళీ మళ్ళీ వచ్చేవాడికి బహుమతిగా ఇస్తే మన సొమ్మేం పోయింది అన్న ఆలోచన అక్కణ్ణించి పుట్టింది.

కాని మళ్ళీ మళ్ళీ వచ్చేవాడెవడో తెలిసేదెలా? దానికి ఇంకో కథ ఉంది. 1953లో లాస్ఏంజిలిస్ నుంచి న్యూయార్కు వెళ్ళే విమానంలో ఇద్దరు స్మిత్‌లు పక్కపక్కన కూర్చున్నారు. ఒకాయన సి.ఆర్. స్మిత్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి. రెండో ఆయన బ్లెయిర్ స్మిత్, ఐబీఎంలో అమ్మకాల ఉద్యోగి. ఇంటిపేర్లు కలిశాయని మొదలైన కబుర్లు రిజర్వేషన్ల బాధల మీదకి మళ్ళాయి. ఆ రోజుల్లో ఒక సీటు రాయాలంటే గుమాస్తా కార్డులు వెతకాలి, గీతలు కొట్టాలి, వేరే ఊరికి కబురంపాలి. (కంప్యూటరు రాకముందు లావుపాటి రిజిస్టర్లలో బెర్తులు రాసినవాణ్ణి, ఆ కష్టం ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.) ఆ కబుర్ల ఫలితంగా రెండు కంపెనీలూ కలిసి సేబర్ అనే కంప్యూటరు పద్ధతిని తయారుచేశాయి. 1964కల్లా అమెరికన్ వాళ్ళ రిజర్వేషన్లన్నీ దాన్లోకి ఎక్కాయి. ఏ ఫోను నంబరు పదేపదే వస్తోందో చూస్తే చాలు, తరచుగా ఎగిరేవాడి ఆనవాలు దొరికిపోతుంది.

1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ అనే పథకం ప్రకటించింది. ఎన్ని మైళ్ళు ఎగిరితే అన్ని మైళ్ళు నీ ఖాతాలో జమ, అవి పోగయితే ఉచితంగా టిక్కెట్టు. అంతకు ముందు చిన్న కంపెనీలు ఒకటి రెండు ఇలాంటివి చేసి చూశాయి గాని ఇంత పెద్ద ఎత్తున ఇదే మొదలు. వారం తిరక్కుండా యునైటెడ్ వాళ్ళు తమదీ పెట్టారు. ఆ ఏడాదే డెల్టా, టీడబ్ల్యూఏ. పక్కింటివాడు బొమ్మలకొలువు పెడితే మనం ఊరుకుంటామా!

ఆ ఏడాదే అమెరికన్ వాళ్ళు ఇంకో సాహసం చేశారు. రెండున్నర లక్షల డాలర్లు కడితే జీవితాంతం మొదటి తరగతిలో ఎన్నిసార్లయినా తిరగచ్చన్నారు. జీవితాంతం పాసు. కొన్నవాళ్ళు కొద్దిమందే గాని, వాళ్ళలో కొందరు నిజంగానే జీవితాంతం తిరగడం మొదలుపెట్టేసరికి కంపెనీకి కళ్ళు తిరిగాయి. 2008లో, వాడకూడని రీతిలో వాడారంటూ ఒకరిద్దరి పాసులు రద్దు చేసింది కూడాను. మనిషి ఆయుర్దాయం మీద పందెం కట్టకూడదని మన ఎల్లైసీ ఏజెంటు ఎవణ్ణడిగినా చెప్పేవాడు.

మైళ్ళు మొదట ఎగిరితేనే వచ్చేవి. 1987లో సిటీబ్యాంకు, అమెరికన్ కలిసి క్రెడిట్ కార్డు తెచ్చాయి. డాలరు ఖర్చుపెడితే ఒక మైలు. అంటే కాలు కదపకుండా కూరగాయలు కొన్నా మైళ్ళే. 1988లో డెల్టా ఒకటికి మూడు మైళ్ళిస్తానంది, తక్కినవాళ్ళూ అదే పాట అందుకున్నారు. జనం ఖాతాల్లో మైళ్ళు వరదలా వచ్చిపడ్డాయి. ఉచిత టిక్కెట్లని కొని అమ్మే దళారులు కూడా బయల్దేరారు. బిజినెస్ మనిషి దగ్గర చవగ్గా కొని, ఇంకొకడికి మొదటి తరగతి టిక్కెట్టుగా అమ్మడం వాళ్ళ పని. కంపెనీలు కోర్టులకెక్కి వాళ్ళని తరిమాయి. మా స్టేషను ముందు టీకొట్టు దగ్గర నించునే కుర్రాళ్ళు గుర్తొచ్చారు నాకు. వాళ్ళకి సూట్లు లేవు, అంతే తేడా.

ఇక్కడే అసలు పేచీ మొదలైంది. పాసులు లక్షల మంది చేతుల్లో ఉన్నాయి, బెర్తులు గుప్పెడు. 1988లో అమెరికన్ వాళ్ళు నిబంధనలు మార్చారు. ఉచిత సీట్లు విమానానికి ఇన్నే అని హద్దు పెట్టారు, కొన్ని పండగ రోజుల్లో అసలు లేవన్నారు. అప్పటికే మైళ్ళు పోగేసుకున్నవాళ్ళకీ ఇదే రూలు. "మేం ఎగిరినప్పుడు ఈ షరతు లేదు, ఎగిరాక పెడతారా?" అని వోలెన్స్ అనే ఆయనా మరికొందరూ ఇల్లినాయి రాష్ట్రంలో దావా వేశారు. ఆ దావా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1995 జనవరి 18న తీర్పయింది. జస్టిస్ గిన్స్‌బర్గ్ రాసిన ఆ తీర్పు సారాంశం నాకు అర్థమైనంతలో ఇదీ. వినియోగదారుణ్ణి మోసం చేశారని రాష్ట్ర చట్టం కింద అడగడానికి వీల్లేదు, విమానాల కంపెనీల మీద రాష్ట్రాల పెత్తనాన్ని ఆ 1978 చట్టమే తీసేసింది. కాని కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట తప్పిందని మాత్రం అడగచ్చు. సగం తలుపు తెరిచి సగం మూసినట్టు. మాట ఏమిటో రాసేది కంపెనీయే కదా, "ఈ నిబంధనలు మా ఇష్టం వచ్చినప్పుడు మారుస్తాం" అన్నది కూడా ఆ మాటలో భాగమైతే ఇక అడిగేదేముంది?

ఆ "మా ఇష్టం" ఎంత దూరం పోతుందో 2014లో ఇంకో తీర్పుతో తేలింది. మినెసోటాలో గిన్స్‌బెర్గ్ అని ఒక యూదు మతగురువు ఉన్నాడు (ఆ న్యాయమూర్తికి చుట్టం కాదు, పేరు కాస్త అటూ ఇటూ). ఉపన్యాసాల కోసం నార్త్‌వెస్ట్ విమానాల్లో ఏడాది పొడుగునా తిరిగేవాడు. సామాను ఆలస్యమైందనీ అదనీ ఇదనీ తరచు ఫిర్యాదులు చేసేవాడు. 2008లో కంపెనీ ఆయన్ని పథకంలోంచే తీసేసింది. నిబంధనల్లో "మా విచక్షణ" అన్న మాట ఉంది, అది చాలంది. తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా కంపెనీ పక్షానే చెప్పారు. నేను కౌంటర్లో ఉండగా నాతో పోట్లాడినవాళ్ళ పాసులన్నీ అలా లాక్కునే అధికారం నాకుంటే బెజవాడలో సగంమంది రైల్వేవాళ్ళు నడిచి వెళ్ళేవారు. పాసు మాకు సర్వీసు చేసినందుకు వచ్చిన హక్కు. మైలు హక్కు కాదు, దయ. ఈ సంగతి తెలిశాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. మా ఆవిడ నడుము ఎవరి దయ మీదో ఆధారపడి ఉంది.

మైళ్ళకోసం మనుషులు పడ్డ పాట్లలో ఒకటి రెండు చెప్పకుండా ఉండలేను. 1999లో కాలిఫోర్నియాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు, ఒక తినుబండారాల కంపెనీ ఇచ్చిన ప్రకటన చూశాడు. తమ సరుకు మీది చీటీలు పది పంపితే మైళ్ళిస్తాం, మొదటి నెలలో పంపితే వెయ్యి మైళ్ళు అని. ఆయన కొట్లన్నీ గాలించి, పాతిక సెంట్లకే దొరికే పుడ్డింగు కప్పులు పట్టుకున్నాడు. పుడ్డింగంటే మన పాయసానికి దూరపు చుట్టం. 12,150 కప్పులు కొన్నాడు, అయిన ఖర్చు 3,140 డాలర్లు. అన్ని చీటీలు ఒక్కడూ ఊడదీయలేడు గనక, కప్పులన్నీ ఒక ధర్మసంస్థకి దానమిచ్చి, చీటీలు మాత్రం ఊడదీసి ఇమ్మన్నాడు. పన్నెండున్నర లక్షల మైళ్ళు వచ్చాయి. దానమిచ్చినందుకు పన్నులో తగ్గింపూ వచ్చింది. స్వామికార్యం, స్వకార్యం రెండూను! ఆయన కథే 2002లో ఒక సినిమాలో నాయకుడి పిచ్చికి ఆధారమైంది.

ఇంకా గడుసువాళ్ళు ప్రభుత్వ టంకశాల మీదే పడ్డారు. డాలరు నాణేలు జనంలోకి రావాలని అమెరికా టంకశాల 2008 నుంచి వాటిని అసలు ధరకే, రవాణా ఖర్చు లేకుండా ఇంటికి పంపించేది. వీళ్ళు క్రెడిట్ కార్డు మీద వేలకొద్దీ నాణేలు తెప్పించుకోవడం, పెట్టెలు విప్పకుండానే బ్యాంకులో జమచేసి కార్డు బాకీ తీర్చేయడం, మైళ్ళు మాత్రం మిగుల్చుకోవడం. 2011 జులైలో టంకశాల మేలుకుని కార్డులు పుచ్చుకోవడం మానేసింది.

ఈ పోగైన మైళ్ళన్నీ లెక్కగట్టి, 2005లో లండన్ ఎకనమిస్ట్ పత్రిక ఒక మాట రాసింది. లోకంలో వాడకుండా మిగిలిన మైళ్ళు దాదాపు 14 లక్షల కోట్లట. విలువగడితే చలామణీలో ఉన్న డాలరు నోట్లూ నాణేలూ అన్నిటినీ మించుతుందట. మా ఆవిడకి చదివి వినిపించాను. "మైలపడ్డ చీరలా ఉన్నాయండీ మీ మైళ్ళు. కళ్ళకి కనిపిస్తాయి, ముట్టుకోనివ్వరు" అంది.

ఆ మాట నిజమే అయింది. మా అల్లుడు ఆగస్టులో వెతకడం మొదలుపెట్టాడు, జనవరి ఆఖరి ప్రయాణానికి. విమానానికి దాదాపు పదకొండు నెలల ముందు, కంపెనీలు సీట్ల పట్టీ తెరిచినప్పుడు, బిజినెస్ క్లాసులో ఒకటో రెండో మైళ్ళకి వదులుతాయట. ఆ అదను దాటిపోయింది. సంక్రాంతికి వచ్చి తిరిగి వెళ్ళే మనవాళ్ళతో ఆ రోజుల్లో విమానాలు కిటకిటలాడతాయి. అక్కడి మన తెలుగువాళ్ళలో అమ్మానాన్నల్ని మైళ్ళ మీద తెప్పించుకునే పిల్లలు మా అల్లుడొక్కడే కాదు కదా. అందరూ అవే రెండు సీట్ల చుట్టూ తిరుగుతుంటారు.

పైగా ఎవరి మైళ్ళు ఎక్కడ చెల్లుతాయన్నది ఇంకో చిక్కుముడి. 1997 మే 14న యునైటెడ్, లుఫ్తాన్సా, ఎయిర్ కెనడా, థాయ్, స్కాండినేవియా వాళ్ళ ఎస్ఏఎస్, ఈ అయిదూ కలిసి స్టార్ అలయన్స్ అని ఒక జట్టు కట్టాయి. తరవాత వన్‌వరల్డ్, స్కైటీం వచ్చాయి. మన ఎయిరిండియా 2014 జులైలో స్టార్ జట్టులో చేరింది. ఒకరి మైళ్ళతో జట్టులో ఇంకొకరి విమానం ఎక్కచ్చు. కాని సొంతవాళ్ళకి చూపించే సీట్లన్నీ జట్టువాళ్ళకి చూపించరు. ప్రతి రకానికీ ఒక అక్షరం. స్టార్ జట్టులో పైవాళ్ళకిచ్చే బిజినెస్ సీటు 'ఐ', మొదటి తరగతి 'ఓ', మామూలు సీటు 'ఎక్స్'. విమానంలో బిజినెస్ సీట్లు ఇరవై ఖాళీగా ఉన్నా 'ఐ' సున్నా ఉండచ్చు. ఇది విని నేను నవ్వాను. వీఐపీ కోటా, లేడీస్ కోటా, దారిలో స్టేషన్ల కోటా, ఇవన్నీ నాకు చంటిపిల్లల పేర్లలా నోటికొచ్చు. అయితే ఇదీ కోటాయే!

అక్టోబరులో ఒక రాత్రి అల్లుడు ఆనందంగా ఫోను చేశాడు. రెండు సీట్లు కనిపిస్తున్నాయట, ఒకే విమానంలో. అతని పాయింట్లు సగం బ్యాంకు కార్డులో ఉన్నాయి, వాటిని విమాన కంపెనీ మైళ్ళలోకి మార్చాలి. ఒకసారి మారిస్తే వెనక్కి రావు. మార్చేశాడు. పేర్లు రాశాడు, పాస్‌పోర్టులు రాశాడు, ఆఖరి బొత్తాం నొక్కాడు. సీట్లు లేవు! ఫోన్లో గంటన్నర వేచి అడిగితే, అవి మొదట్నుంచీ లేవనీ, తెరమీద పొరపాటున కనిపించాయనీ చెప్పిందట ఆ అమ్మాయి. వీటిని దయ్యం సీట్లంటారట ఈ విద్య తెలిసినవాళ్ళు. ఆ కంపెనీ పేరు నేను చెప్పను, ఎవరి దగ్గరైనా జరిగేదే. కాని ఆరేళ్ళు పోగేసిన పాయింట్లు ఎందుకూ పనికిరాని చోట ఇరుక్కున్నాయి. "క్షమించండి మావయ్యగారూ" అన్నాడు కుర్రాడు. వాడి గొంతు వింటే నాకే సిగ్గేసింది. నా కూతురి పురిటికి నేను వెళ్ళడానికి వాడు క్షమాపణ చెప్పుకోవాలా?

"అది సరే బాబూ, బండి కదిలే ముందు వాళ్ళు కోటాలు విడుదల చేస్తారా?" అని అడిగాను. మాకు చార్టు వేసేముందు వాడని కోటా బెర్తులు వెయిటింగ్ లిస్టులోకి వదిలేవాళ్ళం. చార్టు వేళ దాకా కాచుక్కూచున్నవాడికి ఒక్కోసారి అదృష్టం పండేది.

చేస్తారన్నాడు. ఎందుకు చేస్తారో కూడా చెప్పాడు. దాని వెనకాల ఉన్న లెక్క 1972 నాటిది. బ్రిటిషు విమానాల కంపెనీ బీఓఏసీలో లిటిల్‌వుడ్ అనే ఆయన కట్టాడు. చవక టిక్కెట్టు అడిగేవాడు ముందొస్తాడు, పూర్తి ధర ఇచ్చేవాడు ఆఖర్న వస్తాడు. ముందొచ్చినవాడికి సీటివ్వాలా, ఆఖరివాడికోసం అట్టేపెట్టాలా? పూర్తి ధరని, ఆ ధరకి అది అమ్ముడయ్యే అవకాశంతో గుణించు. వచ్చిన అంకె కంటే చవకవాడు ఇచ్చేది ఎక్కువైతే ఇచ్చెయ్, తక్కువైతే ఆపు. నాలుగు లక్షల సీటు అమ్ముడయ్యే అవకాశం పదింట తొమ్మిదైతే దాని విలువ మూడు లక్షల అరవైవేలు. పదింట ఒకటే అయితే నలభైవేలు. 1985కల్లా ఈ లెక్కని కంప్యూటర్లో పెట్టి అమెరికన్ వాళ్ళు చవక కంపెనీల నడ్డి విరిచారు. ఈ నాటికీ మైళ్ళవాడికి సీటు వదలాలా వద్దా అన్నది ఆ లెక్క చెబుతుంది. అంటే కొనేవాడు రాడని కంపెనీ ఆశ వదులుకున్న సీటే మనది. ఆఖరి రెండు వారాల్లో ఆశ వదులుకోవడం ఎక్కువ.

కాబట్టి కాచుక్కూచోవాలి. మరి సీటు రాకపోతే? పురుడు ఆగదు కదా. ఆ మూడు నెలలూ మా ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

ఇంకో భయమూ ఉంది. కంపెనీయే పోతే మైళ్ళేమవుతాయి? కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయినప్పుడు దాని మైళ్ళు చెత్తబుట్ట పాలయ్యాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగింది, కాని దాని మైళ్ళ పథకం విడిగా వేరే కంపెనీ కావడంతో పేరు మార్చుకుని కొన్నాళ్ళు బతికింది. పిల్లవాడు పోయినా జాతకం బతికినట్టు! నిజానికి విమానాల కంటే మైళ్ళకే విలువెక్కువైన రోజులు వచ్చాయి. 2020 జూన్లో, మహమ్మారి కాలంలో, యునైటెడ్ వాళ్ళు తమ మైళ్ళ పథకాన్ని తాకట్టు పెట్టి 500 కోట్ల డాలర్లు తెచ్చుకుంటామన్నారు. పథకం విలువ 2,200 కోట్ల డాలర్ల దాకా కట్టారు. బ్యాంకులు వీళ్ళ దగ్గర మైళ్ళు కొని కార్డుదారులకి పంచుతాయి, అసలు రాబడి అదీ. ఇన్ని మైళ్ళకి ఈ సీటు అని ఉండే ధరల పట్టికని డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో తీసేశాయి. పట్టిక లేని కొట్లో బేరమెలా ఆడతాం?

జనవరిలో, ప్రయాణం అనుకున్న తేదీకి పన్నెండు రోజుల ముందు, తెల్లవారుఝామున రెండింటికి ఫోను మోగింది. "మావయ్యగారూ, ఒకటి ఉంది. ఒక్కటే. ఈసారి దయ్యం కాదు, ఫోన్ చేసి కనుక్కున్నాను. హైదరాబాదు నుంచి ఐరోపాలో ఒకచోట మారి చికాగో, రెండు ముక్కల్లోనూ ఉంది. తొంభైవేల చిల్లర మైళ్ళు, పన్నులు వేరే. ఏం చెయ్యమంటారు?"

ముప్ఫైనాలుగేళ్ళు కౌంటర్లో కూర్చుని, "ఒకటే ఉందండీ, ఇవ్వమంటారా? వెనకాల క్యూ ఉంది" అని జనాన్ని తొందరపెట్టినవాణ్ణి. "ఇచ్చెయ్ బాబూ" అన్నాను.

మా ఆవిడ మంచంమీద లేచి కూర్చుంది. "నేనొక్కదాన్నేనా?" అంది. పెళ్ళయ్యాక గుంటూరు కూడా ఒక్కతీ వెళ్ళిన మనిషి కాదు. ఆ విమానంలోనే వెనకాల మామూలు సీటు నాకు డబ్బుపెట్టి కొన్నాం. ఆవిడ ముందు, నేను వెనక, మధ్యలో తెర.

శంషాబాద్‌లో ఎక్కేటప్పుడు ఆవిడని ముందు పిలిచారు. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది. భోజనాలయ్యాక, దీపాలు తగ్గించాక ఇక ఉండబట్టలేక లేచి తెర దాకా వెళ్ళాను. ఎయిర్‌హోస్టెస్ అడ్డొచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో నా భార్య, నడుము, ఆపరేషను అని నాలుగు మాటలు చెప్పాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి తెర కాస్త పక్కకి లాగి పట్టుకుంది. మూడో వరసలో మా ఆవిడ వెల్లకిలా, కాళ్ళు బారజాపి, గడ్డందాకా దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. ఆపరేషనయ్యాక అంత హాయిగా నిద్రపోవడం నేను చూడలేదు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

చికాగోలో దిగి, సామాను కోసం నించున్నప్పుడు తన సంచీలోంచి కాగితంలో చుట్టిన రొట్టె ముక్కా, చాక్లెట్లూ తీసి నా చేతిలో పెట్టింది. నడుమెలా ఉందని అడిగాను. బాగానే ఉందంది. తరవాత కాస్త ఆగి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, చిన్నగా అంది:

"ఏమండీ, నా పక్క సీటు దారిపొడుగునా ఖాళీగానే వచ్చిందండీ."